కాల్ ముగిసింది

టింగుమంది ఫోను.

‘కాల్ ముగిసింది. వ్యవధి నలభై రెండు నిమిషాలు. ఖర్చు ఇరవై ఒకటి. బాలెన్సు తొమ్మిది.’

చిన్ని పుస్తకంలో వేలు పెట్టుకుని ఆ సందేశం రెండోసారి చదివింది. ఆ కాల్ తను చేసింది కాదు. నాన్న ఫోనుకి డబ్బు కట్టేది తనే గనక, ఆయన ఎవరికైనా చేసి పెట్టేసిన ప్రతిసారీ కంపెనీవాళ్ళు లెక్క తనకే పంపుతారు. ఎంతసేపు మాట్లాడాడో చెబుతారు, ఎంతయిందో చెబుతారు. ఎవరితోనో మాత్రం చెప్పరు.

మేడమెట్ల మీద అత్తగారి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇవాళ్టికి చదువు అయిపోయినట్టే. చిన్ని పుస్తకం మూసేసింది.

పదిరోజుల్లో ప్రమోషన్ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే మళ్ళీ రాయనివ్వరు. ఆఫీసూ ఇల్లూ పోగా ఆమెకి చదువు సాగేది సాయంత్రం ఐదు నుంచి ఓ ముప్పావుగంట. అత్తగారు వెన్నలాంటి మనిషే. కాకపోతే ఎదురుగా రెండు చెవులు కనిపిస్తే చాలు, తన మోకాలి ఆపరేషను గురించి మత్తుమందు దగ్గర్నుంచి కుట్లు విప్పేదాకా పూసగుచ్చినట్టు చెప్పాల్సిందే. ఏ దేవుడు కరుణించాడో, నెల్లాళ్ళుగా ఐదు కొట్టగానే మేడమీదికి నడకకి వెళ్తున్నారు. అడుగులు లెక్కపెడుతుందని ఫోను కూడా పట్టుకెళ్తారు.

“మీ నాన్నా? నలభై రెండు నిమిషాలా?” భర్త పడీపడీ నవ్వాడు. “మన పెళ్ళి మొత్తం మీద ఆయన నాలుగు ముక్కలు మాట్లాడలేదు కదే, మౌనస్వామి!”

“ఈ లెక్కలు రావడం మొదలై నెల్లాళ్ళయింది. రోజూ ఇంతే.”

“అయితే ఎవరో ఆవిడే.”

“ఛీ, ఊరుకోండి!”

ఆయన ఊరుకున్నాడు. ఊరుకోలేనిది చిన్నే. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా కూడా విప్పకుండా నాన్న వాచీల కొట్టుకి వెళ్ళింది.

ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఓ వాచీ పొట్టలోకి చూస్తున్నాడు.

“నాన్నా, రోజూ ఎవరితో నీ కబుర్లు?”

పట్టకారులోంచి చిన్న మర జారి బల్లకింద పడింది.

“కంపెనీవాళ్ళు చెప్పేశారూ?” అన్నాడు దాన్ని వెతుకుతూ.

“నా మొహం చూసి చెప్పు. ఆడమనిషేనా?”

“ఆడమనిషే.”

“నాన్నా!”

“నేను మాట్లాడేదేముందే? ఫోను బల్లమీద పెట్టి, ‘ఊఁ’, ‘అలాగా’, ‘పాపం’ అంటూ నా పని నేను చేసుకుంటాను. మిగతాదంతా ఆవిడే. ఆ కాస్సేపట్లో రెండు వాచీలు తెమిలిపోతాయి.”

“ముందు ఎవరు చేస్తారు?”

“నేనే.”

“భర్త ఉన్నాడా?”

“పోయాడు, పాపం.”

“వాళ్ళింట్లో తెలుసా?”

“చెప్పొద్దన్నాను. కడుపులో మాట దాచుకోవడం ఆవిడకెంత కష్టమో నీకు తెలీదు. అయినా దాచుకుంది, మహాతల్లి.”

“పైగా మెచ్చుకోలా! ఈ వయసులో నీకిదేం పని?”

నాన్న భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “ఒకరికి కాస్త ఊపిరాడుతుంది కదా అని.”

“అమ్మ పోయి మూడేళ్ళు కాలేదు.” చిన్ని బల్లమీది ఫోనుని దూరంగా జరిపింది. “ఇది మా అత్తగారి చెవిన పడితే నేను తలెత్తుకు తిరగ్గలనా?”

నాన్నకి ఎక్కడలేని దగ్గు వచ్చింది. చిన్నే కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చింది. తాగి, కళ్ళు తుడుచుకుని, “పదిరోజులు గడువియ్యమ్మా. ఆ తర్వాత మానేస్తాను,” అన్నాడు.

“ఒక్కరోజు కూడా ఇవ్వను. ఇవాళ్టి నుంచే చెయ్యనని ఒట్టెయ్యి.”

“సరే.”

“ఉత్తి ఒట్టు కాదు. నా పరీక్ష మీద.”

నాన్న ఉలిక్కిపడ్డాడు. “పరీక్ష మీదే వెయ్యాలా తల్లీ? ఇంకేదైనా చూడు.”

“పరీక్ష మీదే!”

“ఇంకా ఎన్ని పాఠాలున్నాయి?”

“ఆరు. మాట మార్చకు.”

“ఇంకా ఆరా!” నాన్న గోడమీది గడియారాలన్నిటికేసీ ఓసారి జాలిగా చూశాడు. “తర్వాత నన్నేమీ అనకూడదు మరి.”

“అనను.”

ఆమె చాచిన అరచేతిలో చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రం ఐదు కొట్టింది. అత్తగారు ఫోను పట్టుకుని మేడెక్కారు. చిన్ని కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పుస్తకం తెరిచింది. నెల్లాళ్ళ తర్వాత మనసు తేలికపడింది. నాన్న మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. ఇవాళ ఆ టింగు మోగదు. ఆ గుర్తుతెలియని ఆవిడ ఎవరో, ఫోను కేసి చూసిచూసి విసుగెత్తిపోతుంది. పోనీ, బుద్ధొస్తుంది!

నవ్వుకుంటూ ఒక్క పేజీ తిప్పిందో లేదో, మేడమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గడియారం చూసింది. ఐదుంపావు కూడా కాలేదు.

అత్తగారు గుమ్మంలో ఆగి, చేతిలో ఫోనుని అటూ ఇటూ తిప్పి చూశారు. చిన్నికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మోకాలు నిమురుకున్నారు. ఏదో చెప్పబోయి ఆగారు. ఇక ఉండబట్టలేకపోయారు.

“అమ్మాయ్, మీ నాన్నగారు ఇవాళ ఫోను చెయ్యలేదేం?”