యూతిమియో పొగగొట్టం

“మధ్యాహ్నానికల్లా ఆ పొగగొట్టం అక్కడ ఉండటానికి వీల్లేదు. ఉందో, నేను లొగ్రోన్యోలో మా అక్క దగ్గరికి వెళ్లిపోతా,” అంది విసీ, రొట్టె కోస్తూ.

మొగుడు యూతిమియో కిటికీలోంచి చూశాడు. ద్రాక్షతోట మధ్యలో వాళ్లు వైన్ తయారుచేసే కొత్త వైనరీ తళతళలాడుతోంది. దాని వెండిరంగు రేకుల కప్పు తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచినట్టు ఉంటుంది. రియోహా ద్రాక్షసీమ మొత్తంలో అన్ని వంకరలు తిరిగిన కట్టడం ఇంకోటి లేదని విసీ అందరికీ చెప్పుకుంటుంది. ఆ వంకరల మధ్యలోంచి ఎర్ర ఇటుకల పొగగొట్టం ఒకటి తల బయటపెట్టి చూస్తోంది. అదీ కాస్త వంకరే. కాకపోతే అది యూతిమియో పనితనం.

“పడగొట్టను,” అన్నాడు.

మాద్రిద్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ డాన్ లియాండ్రో ఆ వైనరీలో అన్నీ పెట్టాడు. గాజు మెట్లు పెట్టాడు. తోటను నిలబడి చూడటానికి ఒక గది, కూర్చుని చూడటానికి ఇంకో గది పెట్టాడు. ఎండిన ద్రాక్షకొమ్మల మంట మీద గొర్రెపిల్ల మాంసం కాల్చుకునే పొయ్యి మాత్రం మరిచిపోయాడు. ప్రారంభం రోజున యూతిమియో స్నేహితులు లోపలంతా తిరిగి, పొయ్యి ఎక్కడని అడిగారు. యూతిమియో గాజు మెట్లు చూపించాడు. వాళ్లు మర్యాదగా చూసి, తమలో ఒకడైన సెలెదోనియో ట్రాక్టర్ షెడ్డుకు వెళ్లి భోంచేశారు.

“నువ్వు కట్టింది వైనరీ కాదురా, విమానాశ్రయం,” అన్నాడు పోతూ పోతూ, జట్టులో పెద్దవాడైన కాస్తో.

అందుకే యూతిమియో తనే పొయ్యి కట్టాడు, దాని మీద కప్పులోంచి పొగగొట్టం లేపాడు, ఇవాళ జట్టును భోజనానికి పిలిచాడు. ఇవాళ కూడా మంట లేకపోతే ఇక వాళ్ల ఆదివారాలన్నీ సెలెదోనియో షెడ్డులోనే.

విసీ బాధ వేరు. ఇవాళే డాన్ లియాండ్రో ఒక పత్రిక ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకు వస్తున్నాడు. తన అనుమతి లేకుండా మేకు కొట్టినా కట్టడం మీంచి తన పేరు తీసేస్తానని ఆయన ముందే చెప్పాడు. ఫొటో సంగతి విసీ అప్పటికే మాంసం కొట్లోనూ చర్చి గుమ్మంలోనూ చెప్పేసింది. మందుల షాపావిడకైతే రెండుసార్లు చెప్పింది.

చివరికి రాజీ కుదిరింది. ఆ గొట్టం దేనికని డాన్ లియాండ్రో అడిగితే, పీపాల్లో వైన్ ఊపిరి తీసుకోవడానికని చెప్పాలి. యూతిమియో అద్దం ముందు నిలబడి సాధన చేశాడు.

డాన్ లియాండ్రో మండుటెండలో నల్ల చొక్కా, నల్ల ప్యాంటుతో దిగాడు. చూపు నేరుగా కప్పు మీదికే పోయింది.

“ఇదెవరు చేశారు?”

సాధన చేసిందంతా యూతిమియో మరిచిపోయాడు. “నేనేనండి.”

“దేనికి?”

“మాంసం కాల్చుకోవడానికండి.”

విసీ మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

డాన్ లియాండ్రో కళ్లద్దాలు తీశాడు. “ఈ కట్టడంలో ఏదో తక్కువైందని రెండేళ్లుగా నాకు నిద్ర లేదు. తక్కువైంది ఇదే. నేల వేలెత్తి ఆకాశాన్ని నిలదీస్తోంది.”

యూతిమియో తలెత్తి చూశాడు. ఇటుకలే కనిపించాయి. అయినా తలూపాడు.

ఫొటోగ్రాఫర్ ద్రాక్షపాదుల మధ్య వెల్లకిలా పడుకుని ఫొటోలు తీశాడు. ఆ ఆలోచన మొదట్నుంచీ తన మనసులో ఉందని డాన్ లియాండ్రో అతనికి చెప్పాడు. పొగగొట్టం పెట్టమని మొదట్నుంచీ పోరుతున్నది తనేనని విసీ చెప్పింది. ఎవరూ ఎవరినీ కాదనలేదు.

అంతలో జట్టు దిగింది. కాస్తో చేతిలో మాంసం పళ్లెం, మిగతావాళ్ల భుజాల మీద ఎండుకొమ్మల మోపులు. పడుకున్న ఫొటోగ్రాఫర్ని చూసి, వీడికి అప్పుడే ఎక్కిందా అని అడిగాడు కాస్తో. తర్వాత లోపలికెళ్లి పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఇప్పుడైంది వైనరీ,” అని యూతిమియో వీపు చరిచాడు.

యూతిమియో ఛాతీ పొంగి చొక్కా గుండీలు బిగుతయ్యాయి. కొమ్మలు పేర్చి, అగ్గిపుల్ల గీశాడు.

డాన్ లియాండ్రో గాజు మెట్ల మీంచి పరుగున దిగొచ్చి ఆ పుల్లను ఉఫ్ఫున ఊది ఆర్పేశాడు.

“మంటా? ఇందులోనా?” అన్నాడు, ముఖం పాలిపోయి. “పొగగొట్టానికి మసి పట్టదూ?”