మతిమరుపు ఐడియా

పాత వాచీని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నడిపించి వీడియోలో చూపిద్దామంది అక్క. తమ్ముడు పెదవి విరిచాడు.

నకిలీ వాచీని ఎలా కనిపెట్టాలో చెబుదామంది. వద్దన్నాడు. నీళ్ళలో పడ్డ వాచీని వెంటనే ఏం చేయాలో చెబుదామంది. అలాంటివి ఇప్పటికే కుప్పలుతెప్పలుగా ఉన్నాయన్నాడు.

“జనం వాచీల్ని చూడరక్కా. మనుషుల్ని చూస్తారు. చూడగానే గుండె కలుక్కుమనాలి. అలాంటి ఐడియా కావాలి.”

అక్క చిన్నబుచ్చుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాచీలు బాగుచేస్తోంది. కంటికి భూతద్దం బిగించిందంటే వెంట్రుకంత స్ప్రింగు కూడా ఆమె మాట వింటుంది. ఏ వాచీ ఎవరిదో చీటీ చూడకుండా చెబుతుంది. అంత పనిలో ఒక్క వీడియోకి సరిపడా సరుకు లేదా?

అయినా పోనీలెమ్మనుకుంది. అమ్మ పోయాక వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది తనే. తన పేరున ఉన్న షాపుని అమ్మేద్దామని వాడు పోయినేడు పట్టుబడితే, సంతకం పెట్టనని తేల్చి చెప్పింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇన్నాళ్ళకి ‘మనిద్దరం కలిసి ఛానల్ పెడదామక్కా’ అంటూ వాడే వచ్చాడు. అదే పదివేలు.

గుండె కలుక్కుమనే ఐడియా కూడా వాడే తెచ్చాడు. అక్క మతిమరుపు వచ్చినట్టు నటించాలి.

ఆమె ససేమిరా అంది. లేని జబ్బు చూపించి జనాన్ని ఏడిపించడమేమిటంది. చివరి వీడియోలో అసలు సంగతి చెప్పేద్దాం, అందరూ హాయిగా నవ్వుకుంటారని వాడు గడ్డం పట్టుకుని బతిమాలాడు. కాదనలేకపోయింది.

మొదటి వీడియోలో ఒకరి వాచీ ఇంకొకరి పేరున్న కవర్లో పెట్టింది. రెండోదాంట్లో చేతిలోనే ఉన్న పట్టకారు కోసం సొరుగులన్నీ వెతికింది. మూడోది ఆమెకే తట్టింది. షాపు మూసి నాలుగడుగులు వేసి, ఇల్లు ఎటో తెలియక వీధి మలుపులో నిలబడిపోవడం.

“ఇదీ ఐడియా అంటే,” అన్నాడు తమ్ముడు. ఆ రోజంతా అక్క మొహం వెలిగిపోయింది.

ఆమెది బటన్ల ఫోను. వీడియోల కింద జనం రాసినవి వాడే చదివి వినిపించేవాడు. అక్కని ఒంటరిగా వదలొద్దన్నా అని ఒకరు రాశారట. మా అమ్మ గుర్తొచ్చిందని ఇంకొకరు రాశారట.

రాను రాను ఆమెకు మనసు కొట్టుకోసాగింది. ఒకరోజు పిన్ని కూతురు షాపుకొచ్చింది. చంటిపిల్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి, నేనెవరో గుర్తున్నానా అని అడిగింది. ఆమె వెళ్ళాక అక్కకు ఏడుపొచ్చింది. వాళ్ళే నమ్మారంటే నువ్వు అంత బాగా చేశావన్నమాటేగా అన్నాడు తమ్ముడు. తన పనితనం గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఇక చాలు, అసలు సంగతి చెప్పే ఆ చివరి వీడియో తీద్దామంది. వాడు సరేనన్నాడు. వీడియోలు చూసి ఒకావిడ కలవడానికి వస్తోందని, ఆవిడ ముందు ఈ ఒక్కసారికీ చేస్తే అయిపోతుందని చెప్పాడు.

వచ్చినావిడ నెమ్మదస్తురాలు. బల్ల ముందు కూర్చుని, ఇవాళ ఏ వారమని అడిగింది. అక్క తడుముకుని తప్పు చెప్పింది. కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి నాలుగుంపావు చూపించమంది. అక్క వేళ్ళు ఒక్క క్షణం మొరాయించాయి. తర్వాత అంకెలన్నీ ఒక పక్కకే పోగేసి గీసింది. పక్కనున్న అబ్బాయి ఎవరని అడిగితే, తమ్ముణ్ణి తేరిపార చూసి, తెలియదంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటనలో వీడు నన్ను మించిపోయాడనుకుంది అక్క.

ఆవిడ లేస్తూ అక్క చెయ్యి పట్టుకుంది. “భయపడకండమ్మా. మిమ్మల్ని చూసుకోవడానికి మీవాళ్ళున్నారు.”

అంత మంచి మనిషిని మోసం చేయడానికి అక్కకు ప్రాణం ఒప్పలేదు.

“కూర్చోండమ్మా. నాకే జబ్బూ లేదు. ఇవాళ గురువారం. వీడు నా తమ్ముడు, నా చేతుల మీద పెరిగాడు. ఇదంతా మా ఛానల్ కోసం ఆడిన నాటకం. కావాలంటే మీ ఫోనులో మళ్ళీ చూడండి,” అంటూ ఛానల్ పేరు కూడా చెప్పింది.

ఆవిడ ఫోనులో ఆ పేరు కొట్టింది. అటూ ఇటూ మార్చి వెతికింది. తర్వాత అక్క వైపు కాకుండా తమ్ముడి వైపు తిరిగింది.

“ఇదే డాక్టరుగారూ, ఈమధ్య అక్క లేని ఛానల్ గురించి కూడా మాట్లాడుతోంది,” అన్నాడు తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ.