మంచం కింద కోళ్ళు

"గుర్రం దిగావంటే ఈ పారతో కాళ్ళు విరగ్గొడతాను!"

హనోరా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎదురుగా మంచులో మూడు గుర్రాలు, వాటి మీద ముగ్గురు. ముందున్నవాడికి నున్నటి బూట్లు, నల్లకోటు. వాడి కళ్ళు ఇంటిచుట్టూ తడుముతున్నాయి.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. ఐర్లండులో దొరగారి ఏజెంటు అచ్చం ఇలాగే చూసేవాడు. గోడకి సున్నం వేసినందుకు కౌలు పెంచాడు. కట్టలేమంటే ఇంటికప్పు లాగించేశాడు.

"నా పేరు ప్రెంటిస్, ముసలమ్మా. వాగు అవతల పొలం నాదే. నీ కొడుకు మలాకీ లేడా?"

"పెళ్ళాంతో పట్నం వెళ్ళాడు. వాడితో నీకేం పని?"

"మీవాళ్ళు ఈ నేల మీదికొచ్చి అయిదేళ్ళయింది కదా. ఏం వెలగబెట్టారో చూద్దామని."

అదీ సంగతి! అనుకున్నంతా అయింది. దూరాన గుర్రాలు కనబడగానే ఆమె చెయ్యాల్సినవన్నీ చేసేసింది. కిటికీ అద్దం మీద గోనెపట్టా, బావి మీద గడ్డి. నాగలి గడ్డివాములోకి, కోళ్ళు బుట్టతో సహా మంచం కిందికి. పొలాన్ని ఎలాగూ మంచు కప్పేసింది. ఆమె అమెరికాలో ఈ నెబ్రాస్కాకి వచ్చి నెల తిరగలేదు. అయినా ఈ విద్య ఒకరు నేర్పాలా? 'ఇక్కడ దొరలు లేరమ్మా' అని కొడుకు మొత్తుకుంటూనే ఉన్నాడు. దొర లేని నేల ఎక్కడుంటుంది? వట్టి వెర్రిబాగులవాడు!

"వెలగబెట్టారు, నా బొంద! నాగలి మొహమే ఎరగదీ నేల."

"మరి నీళ్ళు?"

"నీ వాగులోవే ముంచుకుంటున్నాం."

"ఈ ఇల్లో?"

"ఇదీ ఒక ఇల్లేనా? మట్టిగడ్డలు పేర్చిన గుట్ట. మావాడు నెలకి నాలుగు రోజులుంటే గొప్ప. మిగతా రోజులు ఎక్కడ తాగి పడిపోతాడో ఆ దేవుడికే తెలియాలి."

సారా వాసనంటేనే మలాకీకి పడదు. ప్రెంటిస్ పక్కవాళ్ళ వైపు తిరిగి పకపకా నవ్వాడు.

"చెప్పానా? సారా పీపా చూపిస్తే ఐరిష్‌వాడు సముద్రమైనా దాటొస్తాడు. పార చూపించామో, నడుం వాలుస్తాడు!"

పగుళ్ళు దేరిన కొడుకు చేతులు ఆమె కళ్ళముందు మెదిలాయి. పిడికిట్లో పార బిగుసుకుంది.

అంతలో మంచం కింద కోడి కొక్కొరించింది. హనోరా గట్టిగా దగ్గింది.

"లోపల ఏమిటది?"

"నా దగ్గే నాయనా. క్షయ. రా, లోపలికొచ్చి చూసుకో."

ప్రెంటిస్ గుర్రాన్ని గబగబా వెనక్కి లాగాడు.

"అక్కర్లేదులే. వీళ్ళిద్దరూ వింటున్నారు. మీవాడు ఈ నేలకి ఏమీ చెయ్యలేదని ఒట్టేసి చెప్పు, వెళ్ళిపోతాం."

హనోరా మెడలో సిలువ పట్టుకుంది. దొరతో ఆడిన అబద్ధం దేవుడు లెక్కలోకి తీసుకోడని వాళ్ళ ఊరి పాదిరిగారే అనేవారు.

"ఏమీ చెయ్యలేదు. మేరీమాత మీద ఒట్టు."

ప్రెంటిస్ టోపీ తీసి, ఆమెకు వంగి మరీ దణ్ణం పెట్టాడు.

సాయంత్రం కొడుకూ కోడలూ బండి దిగేసరికి హనోరా కోళ్ళని వదులుతోంది. కిటికీ మీద గోనెపట్టా చూసి కోడలు సబీనా తెల్లబోయింది.

"ఇదేమిటత్తయ్యా?"

"కౌలు పెంచడానికి వాగవతల ప్రెంటిస్ వచ్చాడే! సాక్షులుగా ఇద్దర్ని కూడా తెచ్చుకున్నాడు. ఒక్క గింజ కనబడనిస్తేనా? ఏమీ చెయ్యలేదని ఒట్టేసి పంపించాను. జన్మంతా ఏజెంట్లకి మేం టోపీలు తీశాం. ఇవాళ వాడే తీశాడు నాకు!"

మలాకీ కిటికీ మీది గోనెపట్టా పీకి కింద పడేశాడు.

"వాడు కౌలు కోసం రాలేదమ్మా. అయిదేళ్ళు ఇక్కడే ఉండి దున్నామని సర్కారుకి సాక్ష్యం చూపిస్తే ఈ నేల మనది. దున్నలేదని ఎవడు సాక్ష్యం చూపిస్తే, వాడిది."