కరిగిన మైనం

పాట మధ్యలో గిటార్ కీచుమంది.

నరెల్ తీగల మీద అరచెయ్యి అదిమింది. ఆగలేదు. యాంప్లిఫయర్ సౌండు తగ్గిస్తే ఊరుకుంది. పెంచగానే మళ్లీ అదే కూత. ఖాళీ పబ్బులో కుర్చీలు సర్దుతున్న పనివాళ్లు చెవులు మూసుకున్నారు.

"అది గిటారా, పందిని కోస్తున్నావా?" బార్ వెనకనుంచి మోయిరా అరిచింది. పబ్బు ఆమెదే. "సాయంత్రానికి దాని నోరు మూయించలేకపోతే ఇప్పుడే చెప్పు. వేరే బ్యాండుని పిలుచుకుంటా."

ఏడాది తర్వాత నరెల్ స్టేజీ ఎక్కుతున్న రోజది. ఇది చెడితే మిల్డ్యూరాలో ఇంకే పబ్బూ ఆమెను పిలవదు.

"ఎన్జో దగ్గరికి పోదాం పద," అన్నాడు ఆమె భర్త గ్లెన్, గిటార్‌ను సంచిలోకి దించుతూ. "ఎంతైనా ఫర్వాలేదు, కొత్త పికప్ వేయిద్దాం."

ఏడాదిగా గ్లెన్ ఇంతే. అడక్కముందే అన్నీ చేసిపెడుతున్నాడు.

డ్రమ్స్ వెనక ఎవరో కొత్తవాడు కూర్చున్నాడు. అది ఆమె తమ్ముడు ట్రెవ్ కూర్చునే చోటు. అటు చూడకుండా నరెల్ బయటికి నడిచింది.

ట్రెవ్ అప్పట్లో నరెల్ వాళ్ల పెరటి గదిలోనే ఉండేవాడు. ఎక్కణ్నుంచో పాత పైకప్పు రేకులు తెచ్చి కంచె పక్కన పడేశాడు. తీసెయ్యరా, పాములు చేరతాయి అని ఆమె చెప్పీ చెప్పీ విసిగిపోయింది. పోయిన జనవరిలో, ఆస్ట్రేలియా నడివేసవిలో, ఓ సాయంత్రం పండ్ల షెడ్డులో పని ముగించుకుని వచ్చేసరికి టింకర్ ఎదురు రాలేదు. కారు తలుపు తెరిచిన చప్పుడైతే చాలు, ఎగిరి వెనక సీట్లో కూర్చునే కుక్క అది. రేకుల పక్కన పాము కరిచి పడి ఉందన్నాడు గ్లెన్. చూస్తే తట్టుకోలేవని తానే పూడ్చేశానన్నాడు.

ఆ రాత్రే ఆమె ట్రెవ్ బట్టలు వీధిలోకి విసిరేసింది. బ్యాండు చెదిరిపోయింది. గిటార్‌ను గ్లెన్ బీరువా మీదికి ఎక్కించాడు. అంతదాకా గంటలకొద్దీ కూర్చునే క్లబ్బు జూదం మెషిన్ల జోలికి ఆ తర్వాత అతను పోలేదు. దుఃఖం మనిషిని ఇంతగా మారుస్తుందా అనుకుంది నరెల్.

ఎన్జో గిటార్ రిపేరు షాపులో ఏసీ గట్టిగా రొద పెడుతోంది. ముసలాయన సంచి జిప్పు తీస్తూ నవ్వాడు.

"ఈ సంచేంటమ్మా ఇలా పేలికలైంది? చెట్లెక్కే ఆ గోళ్ల పోసమ్ జంతువుతో కుస్తీ పట్టించావా?"

"ఎలుకలు కొరికాయి," అన్నాడు గ్లెన్.

కూత ఎక్కణ్నుంచి వస్తోందో ఎన్జో క్షణంలో పట్టేశాడు. తీగలు బిగించిన బ్రిడ్జి పక్కనున్న పికప్. తీగ కదలికను పట్టి యాంప్లిఫయర్‌కి పంపేది అదే. కొత్తవి మూడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది అరుపులకి. ఇది మెత్తన, చర్చిలో వాయించుకోడానికి బాగుంటుంది. నీకెలాంటిది కావాలి?"

"కాస్త గరుగ్గా ఉండాలి. గట్టిగా కొట్టినా గొంతు పగలకూడదు. నన్ను మోసం చెయ్యకూడదు."

"పికప్‌ని వెతుకుతున్నావా, మొగుణ్నా?"

నరెల్ నవ్వింది. గ్లెన్ నవ్వలేదు.

"ఏదో ఒకటి బిగించవయ్యా. టైమవుతోంది."

ఆమె మూడోది తీసుకుంది. ఎన్జో మరలు విప్పి పాత పికప్‌ను పైకి లాగాడు. ఈల వేశాడు.

"చూడు. లోపలి రాగితీగ చుట్ట కదలకుండా మైనం పోస్తారు. ఇందులో చుక్క మిగల్లేదు. మొత్తం కారి, ఇదిగో, ఈ గుంటలో గడ్డకట్టింది. ఇంట్లో చిన్నగా వాయిస్తే తెలీదు. సౌండు పెంచితే కూతే. ఎండలో కారులో వదిలేశావు కదూ? ప్రతి వేసవిలో నాకీ గోల తప్పదు."

"నేనా? ఎప్పుడూ వదల్లేదు." ఆమె ఆగింది. "ఒక్కసారి మర్చిపోయా. రిహార్సల్ అయ్యాక వెనక సీట్లో. అదీ రాత్రే."

"రాత్రిపూట ఎక్కడ కరుగుతుందమ్మా? జనవరి మధ్యాహ్నం, అద్దాలన్నీ మూసి గంటలకొద్దీ ఎండలో నిలబెడితే గానీ ఇలా కారదు."

నరెల్ గ్లెన్ వైపు తిరిగింది.

"మర్నాడు నేను ఫ్రెండు కారులో పనికి పోయాను. పొద్దున్నే గిటార్ లోపల పెట్టేశానని ఫోన్ చేసి చెప్పావుగా? కారు నీడలోనే ఉంది, నేను ఇల్లు కదల్లేదు అన్నావుగా?"

"అన్నానేమో. ఏడాదైంది. ఎవరికి గుర్తుంటుంది?"

అది ఏ రోజో నరెల్‌కు గుర్తుంది. ఆ సాయంత్రమే టింకర్ ఎదురు రాలేదు.

ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. చిరుగుల మీద వేళ్లు పెట్టింది. ఎలుక కొరికితే పడే కన్నాలు కావవి. పొడుగ్గా, పక్కపక్కనే, నాలుగేసి గోళ్ల గీతలు. ఒకదాని మీద ఒకటి, మళ్లీ మళ్లీ.

"బిగించనా?" సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని అడిగాడు ఎన్జో.

ఆమె ఫోన్ తీసింది. ఏడాదిగా నొక్కని నంబరు నొక్కింది.

"ఎవరికి?" అన్నాడు గ్లెన్. ఆ ఏసీ చలిలో కూడా అతని నుదురు చెమర్చింది. "నరెల్, పెట్టెయ్. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

అవతల ఫోన్ ఎత్తారు.

"ఏంటక్కా?" ట్రెవ్ గొంతు. "వీధిలో పారెయ్యాల్సిన బట్టలింకా ఏమన్నా మిగిలాయా?"

నరెల్ కళ్లు గ్లెన్ ముఖం మీదనుంచి కదల్లేదు.

"ట్రెవ్, టింకర్‌ని చంపింది నీ రేకుల కింద పాము కాదురా, అద్దాలు మూసిన కారులో దాన్ని వదిలేసి క్లబ్బులో కూర్చున్న గ్లెన్."