ఖాళీ ఉయ్యాల వైపు దగ్గు

పురిటిస్నానమైనా కాకముందే యర్రమ్మ బిడ్డకి జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఏదో వైరస్ అన్నారు. అండమాన్‌లోని రంగత్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ తెచ్చి, పసిపిల్లల ఐసీయూలో ఆక్సిజన్ పెట్టారు. ఆ రాత్రి ఆ గదిలో బిడ్డ ఒక్కడే. పక్కనే స్టూలు మీద యర్రమ్మ.

వాడు ఉండుండి ఊపిరి మరిచిపోతున్నాడు. అలా ఛాతీ ఆగగానే, నర్సు గవరమ్మ అరికాలు తట్టేలోపే, మూలనున్న ఖాళీ ఉయ్యాల వైపు నుంచి ముసలి దగ్గొకటి వినబడింది. బిడ్డ ఉలిక్కిపడి గాలి పీల్చాడు.

"దగ్గేది నువ్వా?" అంది గవరమ్మ.

"నేను కాదు దీదీ."

మళ్లీ ఛాతీ ఆగింది. మళ్లీ దగ్గు. మళ్లీ ఊపిరి.

గవరమ్మ టార్చి పట్టుకుని మూలకి నడిచింది. అక్కడెవరూ లేరు. అయినా ఖాళీ ఉయ్యాల వైపే చూస్తూ అరిచింది. "దగ్గున్నోళ్లు లోపలికి రాకూడదు. ఎవరైనా సరే, బయటికి పోండి!"

యర్రమ్మ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు దీదీ, పొమ్మనకు!"

అప్పటికే తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంది.

బిడ్డ ఛాతీ ఆగింది. గవరమ్మ పరుగెత్తుకొచ్చి అరికాళ్లు రుద్దసాగింది. వరండా చివర ఎవరో దగ్గారు. బిడ్డకి వినబడనంత దూరంలో.