ఏటి ఒడ్డున మనిద్దరమే

“మీ నోట్లోంచి ఒక్క ముక్క బయటికి పొక్కిందో, ప్రయాణం లేదు గియాణం లేదు. నేను మా అక్కయ్య వాళ్ళింటికి వెళ్ళిపోతా!” అంది భార్య, కుట్టుమిషను ఆపి మరీ.

“నేనెందుకు చెప్తానే?” అన్నాడు రేడియో.

అది అసలు పేరు కాదు. ఇంటి ముందు గదిలో ఆయన సెలూను నడుపుతాడు. కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు సగం తెగేలోపు వీధి వార్తలన్నీ అయిపోతాయి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. వెనక గదిలో ఆవిడ ఆడవాళ్ళకు బట్టలు కుడుతుంది. మధ్యలో ఒక్క కర్టెన్ అడ్డం. ఇటు మగవాళ్ళ కబుర్లు, అటు ఆడవాళ్ళ కబుర్లు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుందామంటే మాత్రం తీరిక ఉండి చావదు.

“పోయినసారి సరస్సు దగ్గరికి వెళ్ళాం. ఏమైంది?”

“మనవాళ్ళు ఓ నలుగురు వచ్చారు. అయితే ఏం?”

“నలుగురా? వ్యాను కట్టుకుని వచ్చారు! మూడు రోజులూ మీరు వాళ్ళ గడ్డాలు గీస్తూనే ఉన్నారు.”

రేడియో బుర్ర గోక్కున్నాడు. ఈసారి చూసిన చోటు అలాంటిది కాదు. కొండల మధ్య, ఏటి ఒడ్డున గుర్రాల ఫామ్. ఉన్నవి ఏడే గదులు. బస్సు దిగాక జీపు, జీపు దిగాక చెక్క వంతెన. అక్కడ ఫోను మోగదు. ఫోటో బీరువా తలుపుకి అంటించి ఉంది. ఇంకా నాలుగు వారాలు ఆగాలి.

“ఇరవై ఏళ్ళ నుంచీ ఎవరెవరి మాటలో వింటున్నాను. ఆ నాలుగు రోజులూ నీ మాటలే వింటానే,” అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. అయినా మెత్తబడలేదు. “ముందు ఒట్టెయ్యండి,” అంది.

వేశాడు. అక్కణ్ణుంచి మొదలయ్యాయి పాపం ఆయన కష్టాలు.

“నాలుగు రోజులు సెలవని బోర్డు పెట్టావు. ఎక్కడికోయ్?” అన్నాడు హెడ్మాస్టరు, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుంటూ.

రేడియో నోరు తెరిచాడు. కర్టెన్ వెనక మిషను చప్పుడు ఠక్కున ఆగింది. నోరు మూసేశాడు.

“పంటి నొప్పండీ.”

“పంటి నొప్పికి నాలుగు రోజుల సెలవా?”

“పెద్ద పన్నండీ.”

మర్నాడు మందుల షాపాయన అడక్కుండానే మాత్రలు తెచ్చిచ్చాడు. “రేడియోకి బ్యాటరీ అయిపోయినట్టుంది,” అని పోస్ట్‌మాన్ బెంగపడ్డాడు. కడుపులో మాట దాచుకోవడం ఇంత నరకమని రేడియోకి ఇన్నాళ్ళూ తెలీదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అద్దంలో తన మొహానికే గుర్రాల సంగతంతా చెప్పుకుని కాస్త తేలికపడేవాడు.

ఒకరోజు కత్తెరకి సాన పెట్టించడానికి వెళ్తూ కర్టెన్ పక్కకి తీశాడు. ఆవిడ గుర్రపు స్వారీకని ప్యాంటు కుట్టుకుంటోంది. ముదురాకుపచ్చ మందపాటి గుడ్డ, మోకాళ్ళ దగ్గర తోలు ముక్క. భలే ఉంది. పక్కన అదే గుడ్డ ఇంకా బోలెడు ఉంది.

“ఎంత గుడ్డ కొన్నావే! అంతా నీకే?”

“ఆర్డర్లుండవూ నాకు? మీరు వెళ్ళి మీ నోటి సంగతి చూసుకోండి,” అని కసిరింది.

నిజమే కదా అనుకుని వెళ్ళిపోయాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. బస్సు దిగారు, జీపు ఎక్కారు. జీపు దిగేసరికి ఏటి చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. వంతెన మధ్యలో ఇద్దరూ ఆగారు. నీళ్ళు రాళ్ళ మీంచి దూకుతున్నాయి. అవతల గట్టు మీద గుర్రాలు గడ్డి మేస్తున్నాయి.

“ఎవ్వరికీ చెప్పలేదు. హెడ్మాస్టరుకి కూడా,” అన్నాడు రేడియో, ఛాతీ విరుచుకుని.

“నా బంగారమే!” అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. రేడియోకి ఎంత హాయిగా ఉందంటే, మాట్లాడాలనే అనిపించలేదు.

గేటు దగ్గర ఫామ్ యజమాని ఎదురొచ్చి సంచులు అందుకున్నాడు. “మీ గది తయారుగా ఉందండీ. మిగతా ఆరూ పొద్దున్నే నిండిపోయాయి.”

“నిండనీండి. ఈ కొండల్లో మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరు!” అని నవ్వాడు రేడియో.

అంతలో గుర్రాల షెడ్డులోంచి ఒక గుర్రం బయటికి వచ్చింది. దాని వెనక ఇంకోటి. మొత్తం ఆరు. వాటి మీద ఆరుగురు ఆడవాళ్ళు. ఆరుగురికీ ముదురాకుపచ్చ ప్యాంట్లు, మోకాళ్ళ దగ్గర తోలు ముక్కలు.

“వచ్చారా అన్నయ్యగారూ!” అంది ముందున్నావిడ. హెడ్మాస్టరు భార్య.

వరండాలో కుర్చీల్లో వాళ్ళ మొగుళ్ళు. మందుల షాపాయన చెయ్యి ఊపాడు. పోస్ట్‌మాన్ లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టరు మాసిన గడ్డం నిమురుకుంటూ, “పంటి నొప్పి తగ్గిందటోయ్?” అని కేకేశాడు.

రేడియో మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ ఎన్నడూ ఏరు చూడనిదానిలా ఏటి వైపే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“ఇప్పుడు మీ అక్కయ్య వాళ్ళింటికి ఎవరు వెళ్ళాలే?” అన్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ నవ్వే వచ్చింది. నాలుగు వారాల నవ్వు, కడుపు పట్టుకుని నవ్వాడు.

“వదినని ఏమీ అనకండి అన్నయ్యగారూ,” అంది హెడ్మాస్టరు భార్య, గుర్రం మీంచి వంగి. “మా ఆరుగురి చేతా, ఇంకెవ్వరికీ చెప్పకూడదని విడివిడిగా ఒట్టేయించుకుని మరీ చెప్పింది!”