పదో భాగం

ధర మళ్లీ పెరిగింది.

సోమవారం నలభై. మంగళవారం డెబ్బై. ఇవాళ బుధవారం. పొద్దున్నే బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తెరిచి చూస్తే నూట పది. కోడలికి ఒళ్లు మండిపోయింది.

"దోపిడీ!" అని పైకే అనేసింది. ముందు సీట్లో కూర్చున్నాయన గబుక్కున జేబు తడుముకున్నాడు.

పది భాగాల హత్యల సిరీస్ అది. ఈ-పుస్తకాలు. మొదటి భాగం ఉచితం. రెండోది చాక్లెట్ ఖరీదు. అలా చవక రోజులు కనిపెట్టి, ఏరి ఏరి, తొమ్మిది భాగాలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారికి చూపు ఆనడం లేదు. కాగితం మీద అక్షరం కనబడదు. తెర మీదైతే అక్షరాన్ని బొటనవేలంత చేసుకోవచ్చు. పేజీకి నాలుగు వాక్యాలే పడతాయి, అయినా ఆవిడ వదలదు.

శనివారం ఆవిడ కళ్లకి ఆపరేషన్. "చూపు నిలబడొచ్చు, పోనూవచ్చు. సగం సగం" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆలోపే పదో భాగం చదివెయ్యాలని ఆవిడ పంతం.

"ఆపరేషన్ అయ్యాక నేను చదివి వినిపిస్తాను కదత్తయ్యా" అంది కోడలు నిన్న.

"నువ్వు చదివితే ఇంకేముంది? హంతకుడు గుమ్మంలో అడుగు పెట్టగానే నీ గొంతు మారిపోతుంది. నీకు కడుపులో మాట దాగదు పిల్లా. వాణ్ణి నా కళ్లతో నేనే పట్టుకోవాలి. కథలో ఆ వైద్యుడే వాడు. నాకు మొదట్నుంచీ అనుమానం."

"తొమ్మిది భాగాల్లో తొమ్మిది మందిని అనుమానించారు మీరు."

"అదే చెప్తున్నా. ఇక మిగిలింది వాడే!"

సోమవారం నలభైకి దొరికినప్పుడే కొనేయాల్సింది. కొనలేదు. చవక పుస్తకాల వేటలో పడ్డవాళ్లకి ఒక తెగులు ఉంటుంది. తగ్గింది కదా, రేపు ఇంకా తగ్గుతుందని ఆగుతారు. ఆగింది. ఇప్పుడు కార్డులో ఉన్నది అరవై. మొగుడి జీతం, తన జీతం రెండూ ఆసుపత్రి మింగేసింది. మళ్లీ జీతం పడేది వచ్చే సోమవారం.

ఆఫీసులో అంకెల పని. తెర నిండా వరుసలు. మొదటి గడిలో ఒక అంకె, రెండో గడిలో ఇంకో అంకె ఉంటాయి. పైవాళ్లిచ్చిన సూత్రం ప్రకారం మూడో గడి నింపాలి. అవి దేని అంకెలో అక్కడ ఎవరికీ తెలియదు. అడిగితే సూపర్‌వైజరు "నీకెందుకమ్మా, నింపు" అంటుంది. కోడలు పది వరుసలు నింపడం, బల్ల కింద ఫోన్ తీసి ధర చూడడం. మళ్లీ పది వరుసలు. మళ్లీ ఫోన్.

తగ్గింపు సైట్లన్నీ గాలించింది. ఒకచోట "సంపూర్ణ సిరీస్, అతి చవక" అని కనబడితే ప్రాణం లేచొచ్చింది. లోపల చూస్తే మూడు భాగాలే. ఇంకోచోట సగం ధరకి కూపన్ ఉంది. కొత్త పాఠకులకి మాత్రమేనట. తొమ్మిది భాగాలు చదివినవాళ్లు వాళ్లకి పనికిరారు మరి! తిరిగి తిరిగి అసలు దుకాణానికే వచ్చింది. నూట పది. ఐదు నిమిషాలాగి చూసింది. నూట పదే.

"ఈ వారం భలే చురుగ్గా ఉన్నావే. నీ వరుసలు చకచకా అయిపోతున్నాయి" అంది సూపర్‌వైజరు వెనక నుంచి. కోడలు ఫోన్‌ని ఒళ్లోకి జార్చి నవ్వింది.

మధ్యాహ్నానికి నూట తొంభై.

అందరూ తిండికి లేచారు. కోడలు లేవలేదు. కుర్చీలోనే కూర్చుని దుకాణం ఫిర్యాదుల నంబరు నొక్కింది. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"చెప్పండి మేడమ్."

"ఏం చెప్పమంటావు తల్లీ? తొమ్మిది భాగాలు చవగ్గా తినిపించి, పదో దాని దగ్గర పీక పట్టుకుంటారా? మూడు రోజుల్లో నలభై కాస్తా నూట తొంభయ్యా? ఇంకో రెండు హత్యలు కలిపారా అందులో?"

"గిరాకీని బట్టి మేడమ్. ఈ వారం ఆ పుస్తకాన్ని మూడు వందల సార్లు తెరిచి చూశారు. చూసే లెక్క పెరిగితే ధర పెంచుతారు."

"చూశారు సరే, ఎంతమంది కొన్నారు?"

అవతల మీటల చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి గొంతు సన్నబడింది. "ఎవరూ కొనలేదు మేడమ్. చూసింది కూడా... అన్నీ ఈ ఫోన్ నుంచే."

కోడలు ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"కొనే గతిలేక చూశానమ్మా! మూడు వందల సార్లు ఒక్కత్తే చూస్తోందంటే, పాపం దానికేం వచ్చిందో అనుకోరా? పెంచి పారేస్తారా? ఆ పెంచింది మనిషా, యంత్రమా?"

"మనిషే మేడమ్. ఆ పని బయటి కంపెనీకి ఇచ్చాం."

"ఎవడా దున్నపోతు? పేరు చెప్పు. మా అత్తయ్య ముందు నిలబెడతా వాణ్ణి. ఆవిడ కళ్లలోకి చూసి చెప్పమను ఈ ధర!"

"పేర్లు మాకు రావు మేడమ్, పెంచినవాళ్ల నంబరే వస్తుంది. మూడుసార్లూ ఒకరే. పదిహేడు."

కోడలి చూపు మెల్లగా ఎదురుగా ఉన్న తెర మీదికి వెళ్లింది, పొద్దుట్నుంచీ తను నింపిన ప్రతి వరుస చివరా, నింపినవారి గడిలో, పదిహేడు, పదిహేడు, పదిహేడు.